ప్రయాణమున పితృస్మరణము



నేటి ప్రసంగమునకు విషయమును నేను ఎంచుకొనలేదు. పోయినవారము పురాణశ్రవణము ముగిసిన పిమ్మట ఒక గృహస్థు లేచి అడిగిన ప్రశ్నయే నేటి విషయము. ఆయన కువైటులో పనిచేయువాడు. మన కడప జిల్లాలో కువైటునకు మనిషిని పంపని ఊరు అరుదు గదా! తండ్రి కాలము చేసిననాడు ఆయనకు సెలవు దొరకలేదు. ఊరిలోనున్న తమ్ముడు అపరకర్మలు జరిపించెను. పదునాలుగు నెలల తరువాత సెలవు దొరకగా వచ్చి, భార్యాబిడ్డలను కారులో కూర్చుండబెట్టుకొని, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చూచుకొని గండి క్షేత్రమునకు పోవలెనని బయలుదేరినాడు. చిన్నతనమున తండ్రి వ్రేలు పట్టుకొని బస్సులో తిరిగిన బాట అది. ప్రొద్దుటూరులో పిల్లలకు ఫలహారము పెట్టింతమని కారు ఆపినాడు. అంగడివీధిలో కాలు పెట్టినంతనే తండ్రి జ్ఞప్తికి వచ్చి అడుగు ముందుకు పడలేదట.

ఆయన అడిగినవి మూడు. కొడుకై పుట్టియు కర్మ చేయలేకపోయిన తాను ఇప్పుడు దారిలో ఆగి తండ్రికొరకు ఏమైనను చేయవచ్చునా? చేసినది ఆయనకు చేరునా? ఇట్టి మనస్సుతో గుడిలోనికి పోవచ్చునా? ఆనాడు రెండు మాటలలో సమాధానము చెప్పితిని గాని, అది నాకే చాలలేదు. ఇట్టి ప్రశ్న మనస్సులో పెట్టుకొని బయటికి చెప్పుకొనలేనివారు ఈ సభలో మరికొందరు కలరని నా అనుమానము. కావున కొంచెము విస్తరించి చెప్పుదును.

ముందుగా ఒక సంగతి. ఇంటిలో ఉన్నప్పుడు రాని దుఃఖము పరాయి ఊరి బజారులో ఏల వచ్చును? ఇది మనోదౌర్బల్యమని కొందరు తమ్ము తామే నిందించుకొందురు. మన తర్కశాస్త్రము అట్లు చెప్పదు. ఒకప్పుడు అనుభవించినది సంస్కారరూపమున ఆత్మయందు నిలిచి యుండును. దానిని మేల్కొల్పునది ఎదురైనప్పుడు అది స్మృతియై పైకి వచ్చును. ఆ మేల్కొల్పుదానికి ఉద్బోధకమని పేరు. ఒకదానితో ఒకటి సంబంధించిన రెండింటిలో ఒకటి కనబడినయెడల రెండవది తలపునకు వచ్చునని తార్కికులు సూత్రము చేసి, ఏనుగును చూచినవానికి మావటివాడు స్ఫురించుటను దృష్టాంతముగా చూపుదురు. మావటివాడు లేని ఏనుగును చూచినను మావటివాడే స్ఫురించును. తండ్రి లేని ప్రొద్దుటూరు బజారు అట్టిది. పెండ్లి నగలకై ఆ ఊరి బంగారు అంగళ్లకు రాని కుటుంబము మన చుట్టుప్రక్కల లేదనవచ్చును. అక్క పెండ్లికి నగలు కొన్ననాడు తండ్రి ఏ అరుగుపై కూర్చుండెనో, ఏ హోటలులో కారందోశ తినిపించెనో, ఆ సంస్కారమంతయు ముప్పది యేండ్లు లోపల నిద్రించి ఒక్కసారి లేచినది. అది దౌర్బల్యము గాదు. ఆత్మ తన పని తాను చేయుట.

ఇక మొదటి ప్రశ్న. తండ్రి మరణకాలమున దగ్గర లేని జ్యేష్ఠపుత్రుడు ఏమి చేయవలెను? దీనికి సమాధానము వెదకుటకు ధర్మశాస్త్రముకంటె ముందు నేను రామాయణమునే తెరతును. ఏలయనగా శ్రీరాముడే అట్టి కొడుకు. దశరథుడు ప్రాణము విడిచిననాటికి ఆయన అయోధ్యలో లేడు. పదునాలుగేండ్ల ప్రయాణమున తొలిమజిలీలలో నున్నాడు. తండ్రి శరీరమును తైలద్రోణిలో నుంచి, భరతుని మేనమామ ఇంటినుండి రప్పించి, ఆయనచేత సంస్కారము జరిపించిరి. ఇవేవియు చిత్రకూటమున నున్న రామునకు తెలియవు. భరతుడు సైన్యముతో వచ్చి కాళ్లపై పడి చెప్పువరకు తండ్రి జీవించియే యున్నాడని ఆయన యెంచుచుండెను.

ఆ వార్త విన్నప్పుడు రాముడు ఏమైనాడో వాల్మీకి దాచలేదు. పూచిన చెట్టును గొడ్డలితో నరికినట్లు నేలపై పడెనని వర్ణించినాడు. తమ్ములును సీతయు నీళ్లు చల్లి లేపిరి. లేచిన పిమ్మట ఆయన పలికిన మాటలలో ఒకటి మన గృహస్థు మాటయే. తనకొరకు ఏడ్చి ప్రాణము విడిచిన తండ్రికి తాను సంస్కారమైనను చేయలేకపోయితినని, అది చేయగలిగిన భరతశత్రుఘ్నులే ధన్యులని రాముడు వాపోయెను. చూడుడు, తమ్ముడు చేసెనని ఆయన అసూయపడలేదు, తాను లేనప్పుడు ఏల చేసితివని అడుగలేదు, మరల మొదటినుండి చేయింపుమని కోరలేదు. తమ్ముడు చేసినది చేసినట్లే నిలిచినది. అయినను, అంతతో తన పని తీరినదని ఊరకుండలేదు. తన పాలిది తాను చేయుటకు అప్పటికప్పుడే లేచెను.

ఎట్లు చేసెను? అడవిలో నున్నాడు. పురోహితుడు దగ్గర లేడు, బియ్యము లేవు, నువ్వులు లేవు. లక్ష్మణునితో గారకాయల పిండిని తెమ్మనెను, కట్టుకొనుటకు నారచీర తెమ్మనెను. సీత ముందు నడువగా, లక్ష్మణుడు ఆమె వెంట నడువగా, తాను కడపట నడచెను. ఆ నడక దారుణమైనదని ఆయనే అనెను. సుమంత్రుడు చేయి పట్టుకొని మందాకినిలో దింపెను. దక్షిణముఖముగా నిలిచి, దోసిలితో నీరు తీసి, తండ్రిపేరు చెప్పి విడిచెను. తరువాత గట్టెక్కి, గారపిండిలో రేగుపండ్లు కలిపి దర్భలపై పిండముంచెను. మేము ఇప్పుడు తినుచున్నది ఇదియే, నీవును దీనినే ఆరగింపుమని తండ్రికి విన్నవించెను. మనుష్యుడు ఏది భుజించునో అదియే వాని దేవతలకును ఆహారమని అందలి భావము. గారచెట్టు మన సీమలోని మెట్టభూములయందును కానవచ్చు ముళ్లచెట్టే. దాని కాయ చేదు. చక్రవర్తికి ఆ చేదుపిండమే దక్కినది.

కొంతసేపటికి కౌసల్య అదే త్రోవన నదికి వచ్చి, దర్భలమీద నున్న ఆ పిండమును చూచెను. భూమండలమును అనుభవించిన రాజునకు కొడుకు పెట్టిన పిండము ఇదియా అని ఆమె గుండె చెదిరినది. కాని ఆ పిండము చాలదని వాల్మీకి అనలేదు. వసిష్ఠుడు అక్కడనే యుండెను, ఆయనయు అనలేదు. నా మట్టుకు రామాయణమున శ్రాద్ధమును గూర్చి ఇంతకుమించిన ప్రమాణము లేదు.

ఈ కథను తెలుగువారికి పద్యములలో అందించిన మహనీయుడు మన సీమవాడే యని ఇచ్చట స్మరించుట న్యాయము. 1863లో జన్మించిన వావిలికొలను సుబ్బారావుగారు ప్రొద్దుటూరు తాలూకా కచేరీలో ఉద్యోగము చేసిరి. పిమ్మట మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పండితులైరి. వాల్మీకమును యథామూలముగా తెనిగించి ఆంధ్రవాల్మీకి అనిపించుకొనిరి, దానికి మందరమను వ్యాఖ్యను రచించిరి. భార్యావియోగము కలిగిన పిదప సంసారమును విడిచి వాసుదాసుడను పేరు ధరించి, శిథిలమైయున్న ఒంటిమిట్ట కోదండరామాలయమును బాగుచేయుటకు టెంకాయచిప్ప చేత పట్టుకొని ఊరూరు తిరిగి భిక్షమెత్తిరి. పోయినవారిని తలచుకొనుచు ఊరూరు ఆగినవారిలో ఇట్టివారును కలరు. ఆయన ఆగిన ప్రతిచోట ఆ చిప్పలో కాసు పడినది. ఆ కాసులే గుడి అయినవి.

ఇప్పుడు ధర్మశాస్త్రము. దూరదేశమున నున్న పుత్రుని స్మృతికారులు మరువలేదు. తల్లిగాని తండ్రిగాని గతించినప్పుడు దూరమున నున్న కొడుకు, ఆ వార్త ఎప్పుడు విన్నను, విన్న దినము మొదలుకొని పది దినములు ఆశౌచము పట్టవలెనని విధించిరి. దాయాదుల విషయమున కాలము గడచినకొలది ఆశౌచము తగ్గుచు వచ్చును. తల్లిదండ్రుల విషయమున కొడుకునకు తగ్గదు. ఇందలి ఆంతర్యమును గమనింపుడు. ఊరిలోనివారికి మృతిదినము మొదటి దినము. దూరమున నున్న కొడుకునకు విన్నదినమే మొదటి దినము. వాని దుఃఖమునకు వేరు గడియారమున్నదని శాస్త్రము ఒప్పుకొన్నది. వెనుకటి కాలమున ఉత్తరము వచ్చుటకు వారములు పట్టెడిది. తంతి వచ్చినను రైలు దొరకెడిది కాదు. నేడు ఫోను క్షణములో మ్రోగును గాని మనిషి రాలేని దినములు నేడును కలవు. 2020 మార్చిలో కరోనా వ్యాధిచేత అంతర్జాతీయ విమానములు నిలిచిపోయినప్పుడు, తల్లిదండ్రుల కడసారి చూపు చిన్న తెరపై చూచి గల్ఫు దేశములలోని గదులలో స్నానము చేసి కూర్చుండినవారు ఎందరో. వారు కర్మభ్రష్టులని ఎవడైనను అన్నయెడల, వాడు శాస్త్రమును చదువలేదని చెప్పవలెను.

కావున మొదటి ప్రశ్నకు సమాధానము: చేయవచ్చును. చేయవలెను. తమ్ముడు చేసిన కర్మకు లోపము రాదు. ఇది దానిపై దిద్దుబాటు కాదు. ఇది ఈయన పాలిది.

ఎక్కడ చేయవలెననునది తరువాతి మాట. ఆ బాట ఎట్టిదో మనలో చాలమంది రోజూ తిరిగియు ఎరుగము.

ప్రొద్దుటూరు పెన్నా తీరమున ముక్తిరామేశ్వరము కలదు. లంకనుండి మరలి వచ్చుచు శ్రీరాముడు రావణవధవలన కలిగిన దోషము తొలగుటకు ఇచ్చట శివుని ప్రతిష్ఠించెనని స్థలపురాణము. తెల్లవారుజామున చేరినందున ఊరికి ఆ పేరు వచ్చెనని జనులు చెప్పుకొందురు. సంస్కృతమున బ్రధ్నపురి యను పేరు ఉన్నది, బ్రధ్నుడనగా సూర్యుడు. పెన్నకు పినాకిని యని పేరు. నందిదుర్గమున పుట్టి ఉత్తరముగా పారి, అనంతపురము సీమలో తూర్పునకు తిరిగి, గండికోటవద్ద ఎఱ్ఱమల కొండలను నిలువున కోసికొని వచ్చి, ఈ ఊళ్లను తాకి నెల్లూరు సీమలో సముద్రమును చేరును. తీరమున శివుడున్నాడు, నదియున్నది, రాముడు ఆగెనను ప్రసిద్ధి యున్నది. దోసెడు నీళ్లు విడుచుటకు ఇంతకంటె ఏమి కావలెను?

జమ్మలమడుగు ప్రొద్దుటూరికి దగ్గరిదే. నారపుర వేంకటేశ్వరస్వామి ఆలయము అందరికి తెలిసినది. గండికోటను చూచుటకు పోవువారు అచ్చటినుండియే పోవుదురు. కాని జమ్మలమడుగు మండలములో పెన్న ఒడ్డున దానవులపాడను చోటు కలదు, అచ్చటికి పోవువారు తక్కువ. ఇసుకలో పూడియున్న జైనాలయములను ఇరువదవ శతాబ్ది ఆరంభమున పురావస్తుశాఖవారు త్రవ్వి తీసిరి. పదవ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి నిత్యవర్షుడు, అనగా మూడవ ఇంద్రుడు, శాంతినాథుని అభిషేకమునకు చేయించిన పీఠము అచ్చట దొరికినది. నేను చెప్పదలచినది ఆ పీఠమును గూర్చి కాదు. అచ్చట నిసిధి శిలలు కలవు. నిసిధి యనగా సల్లేఖనవ్రతముతో ఆహారము మాని దేహమును విడిచినవారి జ్ఞాపకమునకు నిలిపిన రాయి. యుద్ధములు గెలిచి, కడకు అన్నియు విడిచి సన్న్యసించిన శ్రీవిజయుడను దండనాయకుని స్తంభము అందులో నొకటి. వేయేండ్లు గడచినవి. ఆ రాళ్లను నిలిపినవారి మతము వేరు, మన మతము వేరు. అయినను, పోయినవాని పేరు ఒకచోట నిలిచియుండవలెను, బాటసారి ఆగి దానిని చదువవలెనను కోరిక మాత్రము ఒక్కటే. మన పల్లెల పొలిమేరలలో వీరగల్లులు నిలిపినవారి కోరికయు అదియే. నేడు బస్సు దిగిన చోట నీడకై కట్టించిన షెడ్డుపై, వేసవిలో పెట్టు చలివేంద్రముపై "కీర్తిశేషులు ఫలానావారి జ్ఞాపకార్థము" అని వ్రాయించువారి కోరికయు అదియే. కీర్తిశేషుడనగా కీర్తి మాత్రమే శేషముగా మిగిలినవాడు. చలివేంద్రమున నీళ్లు త్రాగినవాడు ఆ పేరును ఒక్కసారి చదివినచాలు, ఆ శేషము పెరిగినట్లే.

జమ్మలమడుగునుండి ముద్దనూరు మీదుగా పులివెందులకు పోవుదురు. పూర్వము పులులు మందలుగా తిరిగినచోటు గనుక పులిమందల యనెడివారట. శ్రీరంగనాథస్వామి ఆలయము ఆ ఊరికి తలమానికము. అచ్చటినుండి వేంపల్లె మీదుగా గండికి చేరవలెను. పాపఘ్నీనది శేషాచలపు కొండలను చీల్చుకొని వచ్చు ఇరుకుచోటు గనుక గండి యనిరి. ఈ స్థలపురాణమును కొంచెము నిదానముగా చెప్పనిండు, ఏలయనగా మన ప్రశ్నకు ఇది మిక్కిలి దగ్గరిది.

వాయుదేవుడు ఇచ్చట తపస్సు చేయుచుండెను. సీతను పోగొట్టుకొని దక్షిణమునకు పోవుచున్న రాముడు ఈ త్రోవన వచ్చెను. వాయువు ఎదురేగి, ఇచ్చట ఆగి ఆతిథ్యము గైకొనుమని ప్రార్థించెను. మరలి వచ్చునప్పుడు ఆగుదునని రాముడు చెప్పి సాగిపోయెను. ఈ ఒక్క మాటను గూర్చి ఎన్నిసార్లు ఆలోచించినను నాకు తనివి తీరదు. దుఃఖములో నున్నవాడు విందు కాదనెను. విందు పెట్టువాడు నొచ్చుకొనలేదు. ఎదురుచూచెను. రావణవధానంతరము రాముడు సీతతో మరలి వచ్చునప్పుడు, వాయువు రెండు కొండల నడుమ బంగారు తోరణము కట్టి స్వాగతము చెప్పెను. ఈమారు రాముడు ఆగెను. ఆగి, బాణపు మొనతో కొండబండపై ఆంజనేయుని రూపు గీచెను. ఎడమచేతి చిటికెనవ్రేలు పూర్తికాకమునుపే బయలుదేరవలసి వచ్చెను. తరువాతి కాలమున శిల్పి యొకడు దానిని పూర్తిచేయబోగా ఉలి తాకినచోట నెత్తురు వచ్చినదని, అంతట మానివేసెనని చెప్పుదురు. కావున వీరాంజనేయస్వామి నేటికిని ఆ అసంపూర్ణమైన వ్రేలితోనే పూజలందుకొనుచున్నాడు.

ఆ తోరణమునకు మరియొక కథ తోడైనది. అది నేటికిని అచ్చటనే యున్నదని, పుణ్యాత్ములకు దేహము విడుచు కాలము సమీపించినప్పుడు మాత్రమే కనబడునని నమ్మకము. దత్తమండలములకు 1800 మొదలు 1807 వరకు కలెక్టరుగా నుండి, పిదప మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో ఆ గండిలో పోవుచు, ఈ బంగారు తోరణము కట్టినవారెవరని తోడివారిని అడిగెనట. ఎవరికిని ఏమియు కనబడలేదు. సంగతి తెలిసిన ఒక పెద్ద మౌనముగా కన్నీరు పెట్టుకొనెనట. ఇది జనశ్రుతి. చరిత్రకెక్కినది ఇంతమాత్రము: స్వదేశమునకు మరలుటకు ముందు, తాను పాలించిన సీమను కడసారి చూచుటకు బయలుదేరిన మన్రో, 1827 జులై 6వ తేదీన పత్తికొండలో కలరా సోకి మరణించెను. గుత్తిలో పాతిపెట్టిరి; తరువాత మద్రాసు కోటలోని చర్చికి తరలించిరి. ఆయన జ్ఞాపకార్థము పత్తికొండలో బావియు తోపును, గుత్తిలో సత్రమును ఏర్పరచిరి. క్రైస్తవుడైన దొరకు మన జనులు ఆంజనేయుని గండిలో తోరణము చూపించిరి. తాము ప్రేమించినవాడు దారిలో పోయెనన్నప్పుడు, ఏ ఎదురుకోలును లేక పోయెననుకొనుటకు మనసొప్పక, ఆ కథ అల్లుకొనిరని నా ఊహ. ఏ తండ్రి విషయమునను కొడుకు మనసు కోరునది అదియే గదా: చివరి గడియలో తాను లేకున్నను, ఎవరో ఒకరు తోరణము కట్టి పిలిచియుందురని.

ఇక రెండవ ప్రశ్న, చేసినది చేరునా యనునది. వసురుద్రాదిత్య రూపములని పితృదేవతలను మూడు తరములుగా చెప్పుదురు. తండ్రి వసురూపుడు, తాత రుద్రరూపుడు, ముత్తాత ఆదిత్యరూపుడు. గోత్రనామములతో ఇచ్చినదానిని ఆ దేవతలు గైకొని, ఆ జీవుడు ఏ జన్మములో నున్నను వానికి తగిన ఆహారముగా మార్చి అందింతురని సిద్ధాంతము. చిరునామా మారినను ఉత్తరమును చేర్చు తపాలావంటిదని పెద్దలు పోలిక చెప్పెడివారు. దీనికి ఋజువు చూపుమనువారికి నేను చూపజాలను. శ్రద్ధ ఉన్నవానికి ఋజువు అక్కరలేదు, శ్రద్ధతో చేయునదే శ్రాద్ధము. ఆ పేరు వచ్చినదే అట్లు.

ప్రయాణములో ఏమి చేయగలమందురా? ఇంటిలో వంట చేసి భోక్తలను పిలిచి చేయునది అన్నశ్రాద్ధము. ప్రయాణమున నున్నవానికి, తీర్థమున నున్నవానికి, అగ్ని సిద్ధముగా లేనివానికి ఆమశ్రాద్ధమును అనుమతించిరి. ఆమమనగా వండనిది: బియ్యము, పప్పు, కూరలు, దక్షిణ. అదియు కుదరనిచో ద్రవ్యము నిచ్చుట హిరణ్యశ్రాద్ధము. విష్ణుపురాణము ఇంకను క్రిందికి దిగివచ్చును. అది పితృదేవతల కోరికగా చెప్పబడినది. కలవాడు విరివిగా పెట్టుగాక. లేనివాడు తనకు చాలినంత అన్నము పెట్టుగాక. అదియు లేనివాడు పిడికెడు నువ్వులిచ్చుగాక. అదియు లేనిచో ఏడెనిమిది నువ్వుగింజలతో దోసెడు నీళ్లు విడుచుగాక. అదియు లేనిచో ఆవునకు ఒకపూట మేత వేయుగాక. ఏదియును లేనివాడు అడవికి పోయి, రెండు చేతులు పైకెత్తి సూర్యునికి చూపి, నాయొద్ద ధనము లేదు, ధాన్యము లేదు, నా భక్తిచేతనే పితరులు తృప్తులగుదురుగాక యని మొరపెట్టవలెను. అదియు శ్రాద్ధమే. పితృదేవతలంతటివారు మెట్టు మెట్టుగా దిగి వచ్చి, కడకు వట్టిచేతులను కూడ స్వీకరించిరి.

ఆ గృహస్థు చివరకు సిగ్గుపడుచు ఇంకొక మాట అడిగినాడు. నాన్నకు ఆ హోటలు కారందోశ ఇష్టము, అది పెట్టవచ్చునా యని. సభలో కొందరు నవ్విరి. నవ్వవలసిన మాట కాదు. పిండమునకు అది పనికిరాదు. పితృకార్యమున ఉల్లిపాయ నిషిద్ధము. కాని తండ్రిపేరు చెప్పి, ఆ దోశనే ఆకలిగొన్నవాని కొకనికి, బస్టాండులో కూర్చున్న ముసలివానికి, కడుపునిండ తినిపింపుము. గారపిండిని పెట్టిన రాముడు చెప్పినదానికి ఇది దూరము కాదు. వానితోపాటు నీ పిల్లలకును పెట్టుము, మీ తాత దీనిని ఇష్టపడెడివాడని చెప్పి పెట్టుము.

చెప్పుట యన్నందుకు ఒక మాట. లంకనుండి పుష్పకమున మరలునప్పుడు రాముడు సీతకు దిగువనున్న చోట్లు ఒక్కొక్కటిగా చూపెను. అదిగో కిష్కింధ, అదిగో పంప, నీవు లేక నేను విలపించినది అచ్చటనే. అదిగో జటాయువు నీకొరకు ప్రాణము విడిచిన చోటు. తన దుఃఖపు మజిలీలను ఆయన దాచలేదు. పోయినవారి ఊసెత్తిన పిల్లలు బెదరుదురని నేటి ఇండ్లలో మౌనము పాటించుచున్నారు. తాతను చూడని మనుమడు తాతపేరు వినునది ఇట్టి ప్రయాణములలోనే. గోత్రము, మూడు తరముల పేర్లు పిల్లలకు కారులో నేర్పుటకంటె తీరిక మరెక్కడ దొరకును?

మూడవది గుడి ప్రవేశము. ఆశౌచ దినములలో ఆలయమునకు పోరాదు; దీనిలో భేదాభిప్రాయము లేదు. సంవత్సరము నిండువరకు కొండక్షేత్రములకు, తీర్థయాత్రలకు, పెండ్లి పేరంటములకు పోని ఆచారము మన ఇండ్లలో పెక్కింట నున్నది. ఊరి గుడికి పోవచ్చునని కొందరు, పోరాదని కొందరు. ఇది కులాచారమునుబట్టి, ఇంటి పెద్దలనుబట్టి యుండును. ఒక ఇంటివారు మరియొక ఇంటివారిని ఆక్షేపింపవలసినది కాదు. ఈయనకు సంవత్సరము దాటినది. ఆబ్దికము తమ్ముడు పెట్టినాడు. కావున ముక్తిరామేశ్వరమునకు, రంగనాథుని సన్నిధికి, గండికి నిస్సంకోచముగా పోవచ్చును. మనస్సు దుఃఖముగా నున్నదని గుడి మెట్లవద్ద ఆగవలసిన పని లేదు. ఏడ్చుచు వచ్చినవానిని వెనుకకు పంపిన దేవుని కథ నేనింతవరకు చదువలేదు.

ఇక ఆచరించుటకు కావలసినవి. నువ్వులు, రెండు దర్భపోచలు ప్రయాణపు సంచిలో కాగితమున చుట్టి పెట్టుకొనుట సులభము. దర్భ లేనిచో వట్టి నువ్వులైనను చాలును. నదిలో స్నానము చేయగలిగిన చేయవలెను. లేనిచో కాళ్లుచేతులు కడుగుకొని ఆచమించవలెను. యజ్ఞోపవీతము కలవారు కుడిభుజముపైకి మార్చుకొందురు. లేనివారు పైగుడ్డను అట్లు వేసికొనిన చాలును. దక్షిణముఖముగా నిలిచి, గోత్రము, తండ్రిపేరు చెప్పి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనుండి మూడుమార్లు తిలోదకము విడువవలెను. మంత్రము రానివారు తెలుగులో చెప్పిన దోషము లేదు. తాతముత్తాతలకును అట్లే విడువవలెను. తల్లి లేనివారు తల్లికిని విడువవలెను. తండ్రి జీవించియున్నవారు మాత్రము దీనిని చేయక, తమ ఇంటి పురోహితుని అడుగవలెను.

పెన్నలో వేసవియందు నీరు కనబడదు, ఇసుకయే యుండును. అప్పుడు మన పెద్దలు చేసినట్లు ఇసుకలో చెలమ త్రవ్వుకొనవలెను. మొదట ఊరిన బురదనీటిని చేతితో తోడిపోసి కొంచెము తాళినయెడల తేటనీరు వచ్చును. ఆ నీటితో తర్పణము విడువవచ్చును. అయితే ఇసుకతోడినచోట్ల లోతుగుంటలుండును. పిల్లలను గట్టుననే కూర్చుండబెట్టవలెను. ప్లాస్టికు సంచులను, సీసాలను నదిలో విడువరాదు. మరల విదేశమునకు పోయినవారు తండ్రి గతించిన మాసము, పక్షము, తిథి ఒక కాగితముపై వ్రాయించుకొని పోవలెను. ఆంగ్లతేదీ చాలదు, అది ప్రతియేడు మారును. తిథి తెలియనివారు ఆ మాసపు అమావాస్యనాడు పెట్టవచ్చును. అచ్చట నది లేకున్నను, గదిలో పళ్లెము ముందుంచుకొని తిలోదకము విడిచి, ఆ నీటిని ఎవరును త్రొక్కని చోట చెట్టు మొదట పోయవలెను.